మా రోజుల్లో క్వార్టరు ఖాళీ చేసే పద్ధతే వేరు

బస్తర్ గనుల ఊరు బచేలిలో క్వార్టరు ఖాళీ చెయ్యాలంటే మా రోజుల్లో నెల్లాళ్ళ ముందునుంచే గోనెసంచులు పోగెయ్యడం మొదలయ్యేది. కిరాణాకొట్టు సేఠ్‌కి ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే ఖాళీ సంచులు ఇంకెవరో పట్టుకుపోతారు. పంచదార సంచులైతే ఉతికి ఎండబెట్టాలి, లేకపోతే చీమలు వదలవు. బియ్యం సంచులైతే దులిపితే చాలు. గాజు సామానుకి, పింగాణీకి వెదురుబుట్టలు కావాలి. అవి వారం సంతకి పల్లెల్నుంచి వచ్చే గోండు ఆడవాళ్ళ దగ్గర దొరికేవి. బుట్టలో వరిగడ్డి పరిచి, కప్పుకీ కప్పుకీ మధ్య పాత చీరముక్క పెట్టి, పైన మళ్ళీ గడ్డి, ఆపైన గోనె వేసి, దబ్బనంతో పురికొస కుట్టేస్తే మూట నేలమీద దొర్లినా లోపల చప్పుడయ్యేది కాదు. కుట్టినవాడు దాన్ని ఎత్తి, ఊపి, చెవిపెట్టి విని, అప్పుడు పక్కన పెట్టేవాడు.

ఈమధ్య జగదల్‌పూర్‌లో మా అమ్మాయి ఇల్లు ఖాళీ చేస్తుంటే దగ్గరుండి చూశాను. అల్లుడిగారికి బ్యాంకు ఉద్యోగం, వరంగల్‌కి బదిలీ అయింది. పొద్దున్నే సామాను తరలించే కంపెనీనుంచి నలుగురు కుర్రాళ్ళు అట్టపెట్టెలు, బుడగల ప్లాస్టిక్ చుట్టలు, అంటించే టేపులు పట్టుకుని దిగారు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఇల్లు బోసిపోయింది, లారీ వెళ్ళిపోయింది. చుట్టుపక్కల వాళ్ళందరూ ఎంత చక్కగా అయిపోయిందో అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ ఇంట్లో ఆ పిల్ల ఆరేళ్ళు కాపరం చేసింది. మనవడు అక్కడే నడక నేర్చాడు. అలాంటి ఇంటిని పూటలో దులిపేసుకుని పోవడం కూడా ఒక తయారీయేనా?

నేనెందుకింత బాధపడుతున్నానో తెలియాలంటే మేం బచేలికి ఎలా చేరామో చెప్పాలి. బైలడిల్లా కొండల్లో ఇనప ఖనిజం తవ్వి విశాఖపట్నం రేవునుంచి జపానుకి పంపాలని 1960లో ఒప్పందం జరిగింది. దానికోసమే కొత్తవలస నుంచి కిరండూల్ దాకా తూర్పు కనుమలు తొలిచి రైలుమార్గం వేశారు. దాన్ని మేం కేకే లైను అంటాం. 1968లో కిరండూల్‌లో గని మొదలైంది, 1977లో బచేలిలో. శృంగవరపుకోట, విజయనగరం, శ్రీకాకుళం వైపునుంచి మెకానిక్కులు, ఫిట్టర్లు, గుమాస్తాలు, వాళ్ళ వెనక టీ దుకాణాలవాళ్ళు, టైలర్లు, పురోహితులు, అందరం ఆ లైను పట్టుకుని ఎక్కిపోయాం. నాది శృంగవరపుకోట దగ్గర పల్లె. మా ఊరి స్టేషన్లో ఎక్కితే అదే రైలు బచేలిలో దింపేది. మధ్యలో బండి మారే పనిలేదు కాబట్టి సామాను కూడా మాతోనే వచ్చేది. మా తరానికి ఇల్లు కట్టి, విప్పి, మళ్ళీ కట్టడం నేర్పింది ఆ కిరండూల్ ప్యాసింజరే.

ఆ రైల్లో సామాను వెయ్యాలంటే లెక్క ఉండాలి. బ్రేక్‌వ్యానులో ఎక్కించేది తూకం వేసి రసీదు ఇస్తారు. ప్రతి మూటమీదా ఎక్కణ్ణుంచి ఎక్కడికో, ఎవరిదో పెయింటుతో రాసి ఉండాలి. అట్టముక్కమీద రాసి కడితే ఊడిపోతుంది కాబట్టి గోనెమీదే రాసేవాళ్ళం. స్కూటరు ఉంటే పెట్రోలు మొత్తం తీసేస్తే గాని బుక్ చెయ్యరు. దాని హ్యాండిలుకీ, అద్దాలకీ, లైటుకీ గడ్డి చుట్టి, గోనె కట్టేవాళ్ళం. గ్యాసు సిలిండరు రైలెక్కదు. సిలిండరూ రెగ్యులేటరూ ఏజెన్సీలో అప్పగించి, వోచరు రాయించుకుని, పొయ్యి మాత్రమే తెచ్చుకునేవాళ్ళం. అంటే బయలుదేరే ముందు వారం వంటకి ఏం చెయ్యాలో ముందే అనుకోవాలి.

మా ఆవిడ ఒక నోటుపుస్తకం పెట్టేది. మూట నంబరు, అందులో ఏమున్నాయో వివరం. ఏడో నంబరులో పెద్ద గుండిగ, దాని లోపల ఇత్తడి గ్లాసులు, గ్లాసుల మధ్య పోపులపెట్టె, ఇలా రాసేది. ఒక నకలు ట్రంకుపెట్టెలో, ఒకటి నా చొక్కా జేబులో. అన్నిటికంటే ఆఖర్న కట్టేది, అన్నిటికంటే ముందు విప్పేది ఒక మూట ఉండేది. అందులో రెండు గిన్నెలు, గరిటె, అగ్గిపెట్టె, లాంతరు, నాలుగు పూటల బియ్యం, పప్పు, ఉప్పు, చింతపండు, ఒక దుప్పటి, సుత్తి, మేకులు, బట్టలారేసే తాడు. రాత్రి ఏ వేళకి దిగినా, కరెంటు ఉన్నా లేకపోయినా, పిల్లలు పస్తు పడుకోకూడదు. కొత్త ఇంట్లో మొదట లోపలికి వెళ్ళేవి వేరే ఉండేవి. దేవుడి పటం, పసుపు కుంకుమ, ఉప్పు, నీళ్ళబిందె. అవి చేతిసంచిలో మా ఆవిడ ఒళ్ళోనే ఉండేవి. ఆవకాయ జాడీ కూడా ఒళ్ళోనే. దాన్ని ఏ బ్రేక్‌వ్యానుకీ అప్పగించిన పాపాన పోలేదు ఆవిడ.

ఇప్పటివాళ్ళ పెట్టెలమీద ఏముందో చూడండి. కిచెన్ ఒకటి, కిచెన్ రెండు, మిస్. మిస్ అంటే ఏమిటని అడిగితే మిగతావి అన్నాడు కుర్రాడు. ఆ మిగతావాటిలోనే మనవడి మందులున్నాయి, అల్లుడిగారి సర్టిఫికెట్ల ఫైలుంది, పెళ్ళినాటి వెండి కుంకుమభరిణె ఉంది. ఏ పెట్టెలో ఏముందో ఇంటి మనుషులకి ఒక్కరికీ తెలియదు. సర్దింది వాళ్ళు కాదుగా! వంటింటి చెత్తబుట్టని చెత్తతో సహా ప్లాస్టిక్ చుట్టి పెట్టెలో పెట్టి, టేపు వేసి, పైన కిచెన్ మూడు అని రాశారు. మంచం విప్పిన మరలు దేనిలో వేశారో ఎవరికీ తెలియదు. వరంగల్‌లో కొత్త మరలు కొన్నారు. బట్టలుతికే మిషను గొట్టం అసలు చేరనే లేదు. ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి మీ ఫిర్యాదు నమోదయింది అని చెబుతుంది. ఆ కంపెనీ పేరు చెప్పి లాభమేముంది, ఇంకో కంపెనీ అయితే మరోలా చేస్తుందన్న నమ్మకం నాకు లేదు. డబ్బు కట్టినవాళ్ళు కట్టగానే తమ పని అయిపోయిందనుకుంటున్నారు, నా తగాదా అక్కడ.

కంపెనీని పిలిచినా ఇంటివాళ్ళు చెయ్యాల్సిన పని కొంత ఉంటుంది. సామాను జాబితా మనమే రాసి, విలువలు వేసి, దానిమీద వాళ్ళ సంతకం తీసుకోవాలి. దారి బీమా అంటే ఆ విలువమీద చేసే బీమాయేనా, లేక వాళ్ళే ఏదో కాగితం రాసిస్తున్నారా అన్నది అడగాలి. లారీ రసీదు చేతిలో పడకుండా లారీని కదలనివ్వకూడదు. వాడిన ఇంటి సామానుకి ఈ-వే బిల్లు అక్కర్లేదని జీఎస్టీ నిబంధనల్లోనే ఉంది. దారిలో దానికని, దీనికని అదనంగా అడిగితే ఆ మాట చెప్పగలగాలి. ఇవన్నీ నేను అల్లుడిగారికి చెబుతూనే ఉన్నాను. ఆయన ఒక చెవికి ఫోను ఆనించుకుని, ఇంకో చెవితో నా మాట విని, తల ఊపారు. బ్యాంకులో రోజూ పదిమంది సంతకాలు సరిచూసే మనిషి, సొంత సామాను రసీదుమీద చదవకుండా సంతకం పెట్టారు.

ఇంకో విచిత్రం ఉంది. జగదల్‌పూర్ నుంచి వరంగల్ దక్షిణంగా, పడమరగా ఉంటుంది. గీదం, బీజాపూర్, భోపాలపట్నం మీదుగా పోయి, ఏటూరునాగారం దగ్గర గోదావరి వంతెన దాటితే వరంగల్ తిన్నగా వస్తుంది. ఈ సామాను మాత్రం ఉత్తరంగా కేశ్‌కాల్ ఘాటు దిగి రాయపూర్ పోయింది. మూడువందల కిలోమీటర్లు ఎదురుదిక్కుకి! అక్కడ వాళ్ళ గోడౌనులో దింపి, నలుగురి సామానుతో కలిపి, వేరే లారీకి ఎక్కించి, నాగపూర్ మీదుగా తెచ్చారు. ఎక్కించడం దించడం ఎన్నిసార్లు జరిగితే సామానుకి దెబ్బ అన్నిసార్లు. మా రోజుల్లో ఎవరైనా లారీ మాట్లాడుకుంటే డ్రైవరు పక్కన ఇంటి మనిషి ఒకడు కూర్చునేవాడు. అది అపనమ్మకం అని కాదు. ఘాటులో బండి ఆగితే, వాన పడితే, టార్పాలిన్ చివర పట్టుకోవడానికి ఇంకో జత చేతులుండాలని.

వరంగల్ అంటే గుర్తొచ్చింది. బస్తర్ రాజవంశం వరంగల్ నుంచి తరలి వచ్చినదే. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనలకి చిక్కాక కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఈ అడవులకి వచ్చాడని అక్కడి సంప్రదాయం. కులదేవత వెనకే నడిచి వస్తుందని, ఆయన మాత్రం వెనక్కి తిరిగి చూడకూడదని నియమమట. దంతెవాడలో శంఖిని, డంకిని కలిసే చోట ఇసకలో అమ్మవారి కాలి అందెల చప్పుడు ఆగిపోయింది. ఆయన తిరిగి చూశాడు, అమ్మవారు అక్కడే నిలిచిపోయింది. దంతేశ్వరి గుడి దగ్గర ఎవరిని అడిగినా ఈ కథే చెబుతారు. మా ఆవిడకి ఈ కథంటే కోపం. ఇల్లు వదిలి బయలుదేరేటప్పుడు వెనక్కి తిరిగి చూడకపోవడమేమిటి అనేది. మేం తిరిగి చూసేవాళ్ళం. సామానంతా వెళ్ళాక ఖాళీ ఇంట్లో ప్రతి గదిలోకీ పోయి, అటక మీదా, తలుపు వెనకా, కుళాయి కిందా చూసేవాళ్ళం. కిటికీ రెక్కలు వేసి, గోడకి మిగిలిన మేకులు పీకి, కన్నాల్లో సున్నం పెట్టేవాళ్ళం. ఆఖరికి ఇల్లంతా ఊడ్చి తడిబట్ట పెట్టేది ఆవిడ. వచ్చేవాళ్ళకి మన మురికి వదిలిపెట్టి పోకూడదని ఆవిడ నియమం. గని దుమ్ముతో ఎర్రబడ్డ ఆ గచ్చు ఎంత తుడిచినా తెల్లబడదు, అయినా తుడిచేది.

వదిలిపెట్టి పోయేవి కొన్ని ఉండేవి, అవి వేరు. రుబ్బురోలు ఎవరు మోస్తారు? మా క్వార్టరులో రోలు మాకంటే ముందున్న ఒడియా ఆవిడ వదిలి వెళ్ళింది. ఆవిడకి అంతకుముందున్న మలయాళీ వాళ్ళు ఇచ్చారట. దానిమీద మా ఆవిడ ఇడ్లీ పిండి రుబ్బినన్నాళ్ళూ వాళ్ళందరినీ తలుచుకునేది. మేం వెళ్ళేటప్పుడు మా తర్వాత రాబోయే బిలాస్‌పూర్ అమ్మాయిని ముందే పిలిచి, ఏ వైపు తిప్పితే నున్నగా వస్తుందో చూపించి అప్పగించింది. కరివేపాకు చెట్టు, గోరింట, ములగ, ఇవన్నీ కూడా అప్పగింతలే. ఏ చెట్టుకి ఎప్పుడు నీళ్ళు పొయ్యాలో, పక్కింటి మేక ఏ కంతలోంచి దూరుతుందో చెప్పి మరీ ఇచ్చేవాళ్ళు.

తర్వాత ఖాతాలు. పాలవాడు, చాకలి, సేఠ్, కూరగాయల బండివాడు, కుట్టుమిషను మేస్త్రీ, అందరి పుస్తకాలూ తీయించి, మన పుస్తకంతో సరిచూసి, పైసాతో సహా తీర్చేవాళ్ళం. మనకి రావాల్సినవి అడిగేవాళ్ళం కాదు, ఇవ్వాల్సినవి మాత్రం వెతికి ఇచ్చేవాళ్ళం. ఎవరింటి నిచ్చెన మన గోడకి ఉంది, ఎవరి జల్లెడ మన వంటింట్లో ఉంది, లైబ్రరీ పుస్తకం ఏది, ఆంధ్ర సంఘం వాళ్ళ కుర్చీలు సత్యనారాయణ వ్రతానికి తెచ్చినవి ఎన్ని, ఇవన్నీ చేరాలి. సంతలో చింతపండు, సారపప్పు ఇచ్చే ముసలమ్మకి ఆఖరి వారం చెప్పి రావాలి. మాకు గోండీ రాదు, ఆవిడకి తెలుగు రాదు. ఇద్దరికీ వచ్చిన నాలుగు హల్బీ ముక్కలతోనే వెళ్ళిపోతున్నామని చెప్పాం. అడ్డాకు దొన్నెలో గుప్పెడు సారపప్పు ఎక్కువ వేసి, డబ్బు తీసుకోనంది.

వంటిల్లు ముందే కట్టేస్తాం కాబట్టి ఆఖరి రోజుల భోజనాలు వరసల ప్రకారం జరిగేవి. ఎవరూ కాగితంమీద రాయరు, కానీ ఏ పూట ఎవరింట్లోనో అందరికీ తెలుసు. బెంగాలీ వాళ్ళింట్లో చేప, మలయాళీ వాళ్ళింట్లో పుట్టు, రాయగఢ్ వాళ్ళింట్లో చీలా. తెలుగువాళ్ళు మా ఆవిడని వదినగారూ అనేవారు, మిగతా అందరూ భాభీజీ అనేవారు. తినేటప్పుడే తెలిసేది ఎవరి పిల్ల చదువు ఎలా ఉంది, ఎవరి ఉత్తరాలు ఏ చిరునామాకి పంపాలి, మళ్ళీ ఎవరి పెళ్ళికి కలుస్తాం అన్నది. మా అమ్మాయి ఆఖరి పూట ఫోనులో బిర్యానీ తెప్పించింది. ప్లాస్టిక్ డబ్బాల్లో తిన్నాం. పక్కింటి ఆవిడ గుమ్మంలో నిలబడి అయ్యో, మా ఇంటికి రావలసింది కదమ్మా అంది. మీకెందుకు శ్రమ ఆంటీ అంది మా అమ్మాయి. ఆ మాట మర్యాదకే అంది, నాకు తెలుసు. కానీ ఆ శ్రమ పడే అవకాశం పక్కింటామెకి ఇవ్వడం కూడా మర్యాదే.

ముహూర్తాల సంగతి చెప్పనే లేదు. ఆషాఢం, మూఢం, మంగళవారం, ఇవి పంతులుగారు చూసేవారు. పిల్లల పరీక్షలు, టీసీ, ఇంకో రాష్ట్రం బోర్డులో చేరాలంటే కావలసిన మైగ్రేషన్ సర్టిఫికెట్, ఇవి నేను చూసేవాణ్ణి. రాను రాను ఇంకో క్యాలెండరు కూడా చూడాల్సి వచ్చింది. జులై 28 నుంచి ఆగస్టు 3 దాకా మావోయిస్టుల అమరుల వారం, డిసెంబరు 2 నుంచి 8 దాకా వాళ్ళ గెరిల్లా సేన పీఎల్‌జీఏ వారం. ఆ రోజుల్లో రైలు కిరండూల్ దాకా రాకుండా ముందే నిలిపేసేవారు, రోడ్డుమీద లారీ తిరిగేది కాదు. వానాకాలంలో అరకు దగ్గర కొండచరియ విరిగి పట్టాలమీద పడితే ఎన్నాళ్ళకి తీస్తారో చెప్పలేం. కొత్తవలసకీ కిరండూల్‌కీ మధ్య 58 సొరంగాలు, శిమిలిగూడ దగ్గర లైను దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకి ఎక్కుతుంది. ఇన్ని దాటాలి కాబట్టే నెల్లాళ్ళు పట్టేది.

ఇల్లు కదలకుండా మారినవీ ఉన్నాయి. 1998లో బస్తర్ జిల్లాని చీల్చి దంతెవాడ జిల్లా చేశారు. 2000 నవంబరు 1న మధ్యప్రదేశ్ కాస్తా ఛత్తీస్‌గఢ్ అయింది. క్వార్టరు గడప దాటకుండానే మా చిరునామా రెండుసార్లు మారింది. బీమా పాలసీకి, బ్యాంకుకి, రేషను కార్డుకి, స్కూటరు కాగితాలకి మళ్ళీ మళ్ళీ అర్జీలు రాసుకున్నాం. ఈ విషయంలో ఇప్పటి రోజులు మేలు, ఆ మాట ఒప్పుకుంటాను. రేషను కార్డు ఒకటే దేశమంతా చెల్లుతోంది. గ్యాసు బదిలీ ఫోనులోనే అయిపోతోంది. బ్యాంకు ఖాతా కోసం ఊరు మారినప్పుడల్లా పరుగెత్తక్కర్లేదు. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మా రోజుల్లో ఈ కట్టడం, విప్పడం అంతా సగానికి పైగా ఆడవాళ్ళ రెక్కలమీదే నడిచింది. మా ఆవిడకి ఇప్పుడున్న నడుంనొప్పిలో ఆ గుండిగల వాటా ఉంది. బరువులు ఎత్తడానికి నలుగురు కుర్రాళ్ళు వస్తే నాకు సంతోషమే. బరువుతో పాటు మిగతాదంతా కూడా వాళ్ళకే అప్పజెప్పెయ్యడం దగ్గర నేను ఒప్పుకోను.

ఎందుకంటే తయారుకావడానికి ఒక నెల దొరకడం ఎంత భాగ్యమో ఆ ప్రాంతంలో బతికినవాళ్ళకి తెలుసు. 2005 జూన్‌లో మావోయిస్టులకి వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక దక్షిణ బస్తర్‌లో ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కొందర్ని దోర్నపాల్, ఎర్రబోరు, కుంట శిబిరాల్లోకి తోలారు. వేలమంది శబరి దాటి, గోదావరి దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి పోయారు. మనం గుత్తికోయలంటున్నది వాళ్ళనే. వాళ్ళు ఏ మూటా కట్టలేదు. విత్తనాలు కొంగున కట్టుకుని, కోళ్ళని చంకన పెట్టుకుని, పిల్లల్ని నడిపించుకుంటూ పోయారు. ఎవరికీ చెప్పి పోవడానికి లేదు, చెప్పడమే ప్రమాదం. గిరిజన కుర్రాళ్ళకి తుపాకులిచ్చి పోలీసుల్లా నియమించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా పోయినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. చింతూరు, భద్రాచలం వైపు వెళ్ళినప్పుడల్లా రోడ్డు పక్కన వాళ్ళ పాకలు చూస్తుంటాను. ఇప్పపూల చెట్టు కింద పెట్టుకున్న దేవుణ్ణి వదిలేసి వచ్చినవాళ్ళు వాళ్ళు. సంతలో మాకు చింతపండు అమ్మిన ఆడవాళ్ళకి అటువైపు చుట్టాలుండేవారు. వాళ్ళు ఏమయ్యారో అడగడానికి మాకు భాష కూడా చాలలేదు.

అలాంటి చోట ఆరేళ్ళుండి, చేతిలో బదిలీ ఉత్తరం ముందే పడి, చెప్పి వెళ్ళడానికి వ్యవధి ఉండి కూడా చెప్పకుండా వెళ్తే నాకు కోపం రాదా? మా అమ్మాయి ఇంట్లో పనిచేసే ఆవిడ ధుర్వా గిరిజనుల ఊరునుంచి రోజూ సైకిలుమీద వస్తుంది. మనవడు అమ్మ ఒళ్ళో కంటే ఆవిడ చంకలోనే ఎక్కువ పెరిగాడు. లారీ వెళ్ళిన మర్నాడు పొద్దున్న, మేం తాళాలు అప్పగించడానికి ఇంకా ఆగి ఉన్నాం కాబట్టి సరిపోయింది గాని, ఆవిడ ఎప్పటిలాగే వచ్చింది. గుమ్మంలోకి వచ్చి ఖాళీ గదులు చూసి నిలబడిపోయింది.

"ఆవిడకి చెప్పలేదటే?" అన్నాను.

"ఈ నెలాఖరుకి వెళ్తామని చెప్పాను నాన్నా. లారీ నిన్ననే దొరుకుతుందని నాకూ తెలియదు. జీతం ఫోన్‌పే చేసేశాను, రెండు నెలలది."

"డబ్బు సంగతి నేనడగలేదమ్మా."

అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దాని మనసు చెడ్డది కాదు. తర్వాత లోపలికి వెళ్ళి, పెట్టెలో పడకుండా మిగిలిన తన పట్టుచీర ఒకటి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. పిల్లవాణ్ణి ఆవిడ ఎత్తుకుని వీధి చివరిదాకా నడిచింది. ఆరోజు మేం కారెక్కేసరికి సాయంత్రమయింది. రాత్రివేళ ఆ అడవి దారిన పోవడం నాకు ఇష్టం లేదు, అయినా ఆ ఆలస్యానికి నేనొక్క మాట కూడా అనలేదు.

దారిలో అల్లుడిగారితో అసలు విషయం మాట్లాడాను. ఇంత హడావుడి ఎందుకు బాబూ అన్నాను. సోమవారం చేరిపోవాలి మావయ్యగారూ, సామాను కట్టేటప్పుడు కూడా ల్యాప్‌టాప్ ముందే కూర్చోవాల్సి వచ్చింది, చూశారుగా అన్నారు. చూశాను. కుర్చీ కింద కుర్రాడు కాళ్ళకి ప్లాస్టిక్ చుడుతుంటే ఆయన పైన కూర్చుని మీటింగులో ఉన్నారు. బదిలీ అయినవాడికి ఇల్లు కట్టుకుని కొత్త చోట చేరడానికి రోజులివ్వాలన్నది ఎవరి దయా కాదు. కేంద్ర ప్రభుత్వోద్యోగులకి 1979 నాటి నిబంధనలే ఉన్నాయి. వెయ్యి కిలోమీటర్ల లోపు దూరానికి పది రోజులు, రెండువేల దాకా పన్నెండు, ఆపైన పదిహేను. వాడుకోకపోతే ఆ రోజులు సెలవు ఖాతాలో కలుస్తాయి. బ్యాంకులకి, ప్రభుత్వరంగ సంస్థలకి వాటి వాటి నిబంధనలు వేరే ఉన్నాయి. మాకు గనిలో ఆ రోజులు అడగకుండానే రాసేవారు, మేం ఒక్కటీ వదిలేవాళ్ళం కాదు. ఆ రోజులు ఉన్నాయి కాబట్టే రోలు అప్పగించడం, పుస్తకాలు సరిచూడటం, ఊడ్చి తడిబట్ట పెట్టడం కుదిరింది.

"మీ బ్యాంకులో ఎన్ని రోజులిస్తారు?" అని అడిగాను.

"ఉన్నాయండి, కానీ ఎవరూ తీసుకోరు. తీసుకుంటే కొత్త మేనేజరు ఏమనుకుంటాడో."

"అనుకోనివ్వండి. మీ కాగితం మీరు రాయండి. చేరబోయే చోటికి ఇంకా సామాను రాలేదు, పిల్లవాడికి స్కూలు కుదరలేదు, గ్యాసు రాలేదు. ఇవన్నీ ఆ రోజుల్లో చెయ్యడానికే కదా ఆ రోజులు!"

కాసేపు ఏమీ మాట్లాడలేదు ఆయన. వరంగల్ చేరాక రెండోరోజు అడిగితే ఇంకా రాయలేదన్నారు. ఆరోజే తెల్లకాగితం, పెన్ను తెచ్చి భోజనాల బల్లమీద పెట్టాను. ఇంకా అక్కడే ఉన్నాయి. ఆయన రాసేదాకా ఊరికి తిరిగి వెళ్ళేది లేదని మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పేశాను.